చలనానికి అప్పుండదు: గతిజ శక్తి ఎందుకు మైనస్ కాదు

44వ నంబరు జాతీయ రహదారి మీద గుత్తి దాటి అనంతపురం వైపు ఒక కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. ముందు లారీ అడ్డం వచ్చింది. డ్రైవర్ బ్రేకు వేసి వేగాన్ని 36కి తగ్గించాడు. కారు ద్రవ్యరాశి 1,000 కిలోలు. దాని గతిజ శక్తి, అంటే కదలిక వల్ల దానికున్న శక్తి, ఏమైంది? ఇంటర్ మొదటి ఏడాది పిల్లలకు బాగా పరిచయమైన లెక్క ఇది. వేగాల్ని సెకనుకు మీటర్లలోకి మారిస్తే 20, 10 వస్తాయి. ద్రవ్యరాశిని వేగ వర్గంతో గుణించి సగం చేస్తే మొదట 2,00,000 జౌళ్లు (జౌల్ శక్తికి కొలమానం), బ్రేకు వేశాక 50,000 జౌళ్లు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మైనస్ 1,50,000. ఆ మైనస్ గుర్తు కనబడగానే ‘గతిజ శక్తి రుణాత్మకం అయింది’ అని రాసేవాళ్లు తక్కువేం కాదు.

ఆ వాక్యం తప్పు. మైనస్ గుర్తు మాత్రం తప్పు కాదు. అది గతిజ శక్తిలో వచ్చిన మార్పుకు చెందింది. జేబులో రెండు వేలు ఉంటే, అందులో పదిహేను వందలు ఖర్చయితే, మార్పు మైనస్ పదిహేను వందలు. జేబులో మిగిలింది మాత్రం ఐదు వందలు. మొత్తం ఖర్చయిపోతే సున్నా మిగులుతుంది. అంతకంటే కిందికి జేబు పోదు. కారు కూడా అంతే. బ్రేకులు దాని దగ్గర ఉన్న 2,00,000 జౌళ్లలోంచి లక్షా యాభై వేలు గుంజుకుని వేడిగా మార్చాయి. ఇంకో యాభై వేలు గుంజుకుంటే కారు ఆగిపోతుంది. ఆ తర్వాత గుంజుకోవడానికి ఏమీ ఉండదు.

గతిజ శక్తి మైనస్ ఎందుకు కాదని అడిగితే తరగతి గదిలో వచ్చే జవాబు ఒక్క ముక్కలో ఉంటుంది. వేగానికి వర్గం చేస్తాం, వర్గం ఎప్పుడూ మైనస్ కాదు, ద్రవ్యరాశి కూడా మైనస్ కాదు, అందుకని. లెక్కగా ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. మార్కులూ వస్తాయి. కానీ ఇది సూత్రాన్ని చూసి చెప్పిన జవాబు. సూత్రంలో వర్గమే ఎందుకు ఉండాలి? ప్రకృతి వేగాన్ని వర్గం చేయమని ఎక్కడ చెప్పింది? ఆ ప్రశ్న వదిలేస్తే పిల్లాడికి సూత్రం వస్తుంది, విషయం రాదు. స్థితిజ శక్తి, అంటే ఉన్న చోటును బట్టి వచ్చే శక్తి, మైనస్ కావచ్చని అదే పుస్తకంలో నాలుగు పేజీల తర్వాత చదివినప్పుడు, ఒకదానికి లేని నిషేధం ఇంకోదానికి ఎందుకుందో తెలియక గందరగోళంలో పడతాడు.

మన భాషలో మైనస్‌కి ఉన్న పేరే ఇక్కడ బాగా పనికొస్తుంది. రుణం అంటే అప్పు, ధనం అంటే సొత్తు. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన గ్రంథంలో ధన, రుణ సంఖ్యలతో కూడికలు, తీసివేతలు, గుణకారాలు ఎలా చేయాలో నియమాలు ఇచ్చాడు. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం వస్తుందన్నది వాటిలో ఒకటి. మైనస్ 20ని మైనస్ 20తో గుణిస్తే ప్లస్ 400 రావడం ఆ నియమం వల్లే. ఆ పేరును పట్టుకుని ఒక ప్రశ్న వేయొచ్చు: ఎవరి దగ్గరైనా అప్పు ఉండాలంటే ఇంకొకరు కావాలి కదా. శక్తుల్లో ఏది ఇద్దరి మధ్య లావాదేవీ, ఏది ఒక్కరి చేతిలో రొక్కం? గతిజ శక్తికీ స్థితిజ శక్తికీ అసలు తేడా ఇక్కడే ఉంది. దాని దగ్గరికి వచ్చే ముందు వర్గం సంగతి తేల్చుకోవాలి.

రోడ్డు మీద ఒక ఆటో ఆగిపోయింది. ఇద్దరు కలిసి నెడుతున్నారు. నిలబడి ఉన్న ఆటోను తూర్పుకు నెడితే తూర్పుకే కదులుతుంది, పడమటికి నెడితే పడమటికే. నెట్టిన వైపుకి కాకుండా ఎదురు కదిలే వస్తువు ఎవరికీ తారసపడలేదు. బలం ఉన్న దిక్కులోనే స్థానభ్రంశం ఉంటే ఆ బలం చేసిన పని ధనాత్మకం. అంటే నిలకడగా ఉన్న ఏ వస్తువునైనా కదిలించాలంటే ఎవరో ఒకరు చేతి నుంచి పెట్టుకోవాల్సిందే. 400 కిలోల ఆటోకు సెకనుకు 2 మీటర్ల వేగం తెప్పించడానికి, ఘర్షణ సంగతి పక్కన పెడితే, 800 జౌళ్లు పెట్టాలి. తూర్పుకు నెట్టినా అంతే, పడమటికి నెట్టినా అంతే. ఆ పెట్టుబడి ఆటో కదలికలో నిలవ ఉంటుంది. దాని పేరే గతిజ శక్తి. ద్రవ్యరాశి ధనాత్మకం అన్న మాటకు అర్థం కూడా ఇదే: వస్తువు నెట్టిన వైపుకే త్వరణం చూపిస్తుంది.

ఇక వర్గం. దీనికి చేతికి మట్టి అంటుకునే ఉదాహరణ ఒకటుంది. సూత్రం ముందే తెలిసి ఉండాల్సిన పని లేదు.

కిలో చొప్పున రెండు బంకమట్టి ముద్దలు తీసుకుందాం. గుంతకల్లు జంక్షన్‌లో ప్లాట్‌ఫారం మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడి వాటిని ఒకదాని మీదికి ఒకటి సెకనుకు 5 మీటర్ల వేగంతో విసిరారు. అవి మధ్యలో ఢీకొని, అతుక్కుపోయి, అక్కడే ఆగిపోయాయి. ముద్ద ఆకారం మారింది, కాస్త వేడెక్కింది. ఆ వేడి డిగ్రీలో నూరో వంతు పాటి ఉంటుంది కాబట్టి చేతికి తెలియదు, కానీ ఉంటుంది. కుడి నుంచి ఎడమకు వెళ్లే ముద్ద శక్తి ప్లస్, ఎడమ నుంచి కుడికి వెళ్లే ముద్ద శక్తి మైనస్ అయితే రెండూ కలిసి సున్నా అయ్యేవి. అప్పుడు మట్టి అణగడానికీ వేడెక్కడానికీ శక్తి ఎక్కడి నుంచి వచ్చినట్టు? రెండు ముద్దలూ చెరి కొంత తెచ్చాయి. రెండూ ఆగాయి. తెచ్చినదంతా మట్టిలో దిగింది. దిక్కుకు గతిజ శక్తిలో చోటు లేదని ఈ ఒక్క తాకిడి చెబుతుంది. మట్టి వేడెక్కిందే తప్ప చల్లబడలేదు కాబట్టి ఆ శక్తి ధనాత్మకమని కూడా చెబుతుంది.

ఇదే సంఘటనను పక్క పట్టాల మీద అప్పుడే కదిలి సెకనుకు 5 మీటర్ల వేగం, అంటే గంటకు 18 కిలోమీటర్లు అందుకున్న రైలు కిటికీలోంచి ఒకామె చూస్తోంది. రైలు ఒక ముద్ద వెళ్లే దిక్కులోనే వెళ్తోంది. కాబట్టి ఆమెకు ఆ ముద్ద గాల్లో నిలబడినట్టు కనిపిస్తుంది. ఎదుటి ముద్ద సెకనుకు 10 మీటర్ల వేగంతో వస్తున్నట్టు కనిపిస్తుంది. ఢీకొన్నాక అతుక్కున్న ముద్ద ప్లాట్‌ఫారంతో పాటు సెకనుకు 5 మీటర్ల వేగంతో వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. చూసేవాళ్లను బట్టి వేగాలు మారాయి. మట్టి వేడెక్కిన మొత్తం మాత్రం మారదు. ప్లాట్‌ఫారం మీది మనిషి థర్మామీటర్ చూసినా, రైల్లో ఆమె చూసినా ఒకటే అంకె.

ఇప్పుడు ఇద్దరి లెక్కలూ సరిపోవాలి. ప్లాట్‌ఫారం లెక్కలో వేడి అంటే 5 మీటర్ల వేగం ఉన్న రెండు ముద్దల శక్తి. రైలు లెక్కలో వేడి అంటే 10 మీటర్ల వేగం ఉన్న ఒక ముద్ద శక్తిలోంచి, చివర్లో 5 మీటర్ల వేగంతో మిగిలిన రెండు ముద్దల శక్తిని తీసేస్తే వచ్చేది. రెండూ సమానమంటే 10 మీటర్ల వేగం ఉన్న ముద్ద దగ్గర, 5 మీటర్ల వేగం ఉన్న ముద్ద కంటే నాలుగింతల శక్తి ఉండాలి. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలు. వర్గం ఇలా వచ్చింది. సూత్రంతో సరిచూసుకోవచ్చు: మొదటి లెక్కలో 12.5, 12.5 కలిపి 25 జౌళ్లు. రెండో లెక్కలో 50లోంచి 25 పోతే 25 జౌళ్లు. చూసేవాళ్లు ఎవరైనా మట్టికి ఒకటే వేడి అన్న పట్టుదల నుంచి వర్గం పుట్టుకొచ్చింది. భౌతిక శాస్త్రంలో ఇంత తక్కువ సరుకుతో ఇంత పెద్ద సంగతి తేలే చోట్లు అరుదు. దీన్ని పాఠ్యపుస్తకంలో సూత్రం కంటే ముందు పెట్టాల్సింది.

చరిత్రలో కూడా మట్టే సాక్ష్యం చెప్పింది. 17వ శతాబ్దంలో చలనాన్ని కొలవడానికి ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే చాలని ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ అనుచరులు అనేవారు. 1686లో జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ దానికి ఎదురు చెప్పాడు. కొలవాల్సింది ద్రవ్యరాశినీ వేగ వర్గాన్నీ గుణించిన రాశిని అన్నాడు, దానికి సజీవ బలం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1720ల్లో డచ్ శాస్త్రవేత్త గ్రావెసాండ్ ఇత్తడి గుండ్లను వేర్వేరు ఎత్తుల నుంచి మెత్తని బంకమట్టి మీద పడేసి, పడిన గుంటల్ని కొలిచాడు. వేగం రెండింతలైనప్పుడు గుంట నాలుగింతలైంది. ఫ్రాన్స్‌లో ఎమిలీ ద్యూ షాత్లే 1740లో వెలువరించిన గ్రంథంలో ఈ ప్రయోగాల్ని ఆధారంగా చూపించి లైబ్నిజ్ పక్షాన గట్టిగా వాదించింది. ఆ సూత్రంలో సగం అన్న అంకె చాలా తర్వాత, 1829లో ఫ్రెంచి శాస్త్రవేత్త కొరియోలిస్, బలం చేసే పనికీ ఈ రాశికీ లంకె కుదిర్చినప్పుడు స్థిరపడింది. గతిజ శక్తి అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ పేరు 19వ శతాబ్దం మధ్యలో విలియం థామ్సన్ చలవ.

డెకార్ట్ అనుచరులు వెతికిన రాశి కూడా వృథా పోలేదు. వేగానికి దిక్కును కూడా కలిపి చూస్తే అది ద్రవ్యవేగం. దానికి మైనస్ నిక్షేపంగా ఉంటుంది. తూర్పుకు ప్లస్ అనుకుంటే పడమటికి మైనస్. ద్రవ్యవేగం దిక్కు ఉన్న సదిశ రాశి, గతిజ శక్తి దిక్కు లేని అదిశ రాశి. ఈ రెండింటినీ కలగలిపి చూడటం వల్లే చాలా మందికి ‘వెనక్కి పోయే బండి గతిజ శక్తి మైనస్ కాదా?’ అనే అనుమానం వస్తుంది.

ఆ అనుమానం తీరాలంటే మే నెలలో అనంతపురం మధ్యాహ్నం చూడాలి. ఎండ 42 డిగ్రీలు. ఆకు కదలడం లేదు. గాలి లేదు అంటారు అందరూ. నిజానికి ఆ గాలిలోని నైట్రోజన్ అణువులు సగటున సెకనుకు దాదాపు 500 మీటర్ల వేగంతో దూసుకుపోతున్నాయి. అన్ని దిక్కులకూ సమానంగా పోతున్నాయి కాబట్టి వాటి వేగాల మొత్తం సున్నా, ద్రవ్యవేగాల మొత్తం సున్నా. అందుకే ఆకు కదలదు. గతిజ శక్తి కూడా దిక్కును బట్టి ప్లస్, మైనస్ అయ్యేదైతే దాని మొత్తం కూడా సున్నా అయ్యేది. అప్పుడు కదలని గాలిలో ఉడుకు ఉండకూడదు. ఒంటి మీద కారే చెమట ఆ శక్తులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవని చెబుతోంది.

ఉష్ణోగ్రత దగ్గర ఇంకో సంగతి ఉంది. ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీలు ఉంటుంది. మరి అక్కడి అణువుల గతిజ శక్తి మైనస్సా? కాదు. సెల్సియస్ కొలతకు సున్నా నీరు గడ్డకట్టే చోట మనం పెట్టుకున్నది. అణువుల కదలికతో నేరుగా ముడిపడిన కెల్విన్ కొలతలో సున్నా మైనస్ 273.15 డిగ్రీల దగ్గర ఉంది. ఒకటి మనుషులు పెట్టుకున్న సున్నా, ఇంకొకటి ప్రకృతి పెట్టిన సున్నా. మనుషులు పెట్టుకున్న సున్నా కిందికి వెళ్లొచ్చు. ప్రకృతి పెట్టిన సున్నా కింద నేల లేదు.

స్థితిజ శక్తి సున్నా మొదటి రకం. శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు, అంటే దాదాపు 270 మీటర్లు. ఆ పైమట్టంలోని ఒక కిలో నీటి స్థితిజ శక్తి ఎంత? సముద్రమట్టం నుంచి లెక్కిస్తే సుమారు ప్లస్ 2,650 జౌళ్లు. కడప పట్టణం సుమారు 138 మీటర్ల ఎత్తులో ఉంది. కడప నేలను సున్నా అనుకుంటే అదే నీటికి సుమారు ప్లస్ 1,290 జౌళ్లు. అనంతపురం సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నేలను సున్నా అనుకుంటే అదే నీటికి సుమారు మైనస్ 640 జౌళ్లు. నీళ్లు ఒకటే, జలాశయం ఒకటే. అనంతపురం వాళ్ల లెక్కలో అది మైనస్, కడప వాళ్ల లెక్కలో ప్లస్. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు. ఎందుకంటే ఆ నీరు అడ్డు లేకుండా 80 మీటర్లు కిందికి జారితే కిలోకు 784 జౌళ్ల గతిజ శక్తి వస్తుందన్న విషయంలో కడప లెక్కకూ అనంతపురం లెక్కకూ తేడా రాదు. స్థితిజ శక్తిలో పనికొచ్చేది తేడా మాత్రమే. సున్నా ఎక్కడ పెట్టుకున్నా తేడా మారదు.

గతిజ శక్తికి ఈ వెసులుబాటు లేదు. దాని సున్నా అంటే వస్తువు నిలకడగా ఉండటం. నిలకడ కంటే తక్కువ కదలిక అంటూ ఒకటి లేదు. బండి ఆగాక ఇంకా ఆగదు.

గండికోట లోయ అంచున నిలబడి కిలో రాయిని వదిలేశారనుకుందాం. గాలి నిరోధం లెక్కలోకి తీసుకోకపోతే 3 సెకన్లలో అది 44 మీటర్లు దిగి, సెకనుకు 29.4 మీటర్ల వేగం అందుకుంటుంది. అంచును సున్నా అనుకుంటే అప్పటికి దాని స్థితిజ శక్తి మైనస్ 432 జౌళ్లు, గతిజ శక్తి ప్లస్ 432 జౌళ్లు. మొత్తం సున్నా, వదిలిన క్షణంలో ఎంతో అంతే. ఇక్కడ అప్పు పోలిక సరిగ్గా అతుకుతుంది. రాయి భూమి దగ్గర 432 జౌళ్లు అప్పు తీసుకుని దాన్ని వేగంగా చేతిలో పట్టుకుంది. ఆ అప్పు రాయిది మాత్రమే కాదు, రాయికీ భూమికీ మధ్య ఉన్న లావాదేవీ. స్థితిజ శక్తి ఎప్పుడూ కనీసం రెండు వస్తువుల మధ్య సంబంధానికి చెందుతుంది. సంబంధంలో బాకీ ఉండొచ్చు. చేతిలో రొక్కానికి మాత్రం బాకీ ఉండదు. ఉంటే ఉంటుంది, లేకుంటే సున్నా.

హైడ్రోజన్ పరమాణువు లెక్క చూస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. అందులో ఎలక్ట్రాన్ మొత్తం శక్తి మైనస్ 13.6 ఎలక్ట్రాన్ వోల్టులని (పరమాణువుల స్థాయిలో వాడే శక్తి కొలమానం) పుస్తకాల్లో ఉంటుంది. ఆ మైనస్ చూసి ఎలక్ట్రాన్ చలనమే మైనస్ అనుకునేవాళ్లున్నారు. విడదీసి చూస్తే సగటు గతిజ శక్తి ప్లస్ 13.6, స్థితిజ శక్తి మైనస్ 27.2. చేతిలో 13.6 ఉంది, బాకీ 27.2 ఉంది. నికరం మైనస్ 13.6. బయటి నుంచి ఎవరైనా 13.6 ఇస్తేనే ఆ ఎలక్ట్రాన్ కేంద్రకం నుంచి విడిపోతుంది. మొత్తం శక్తి మైనస్ అయిందంటే ‘కట్టుబడి ఉంది’ అని అర్థం.

ఇక్కడొక చిక్కు ప్రశ్న వస్తుంది. వేగం చూసేవాళ్లను బట్టి మారుతుందని మట్టి ముద్దల దగ్గరే చూశాం. అలాంటప్పుడు గతిజ శక్తి సున్నాను ప్రకృతి పెట్టిందని ఎలా అంటాం? అదీ చూసేవాళ్లను బట్టి మారేదే కదా! మారుతుంది. రైలు బెర్తు మీద పెట్టిన పది కిలోల బ్యాగుకు, పక్కన కూర్చున్న ప్రయాణికుడి లెక్కలో గతిజ శక్తి సున్నా. రైలు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతుంటే పట్టాల పక్కన నిలబడిన మనిషి లెక్కలో 2,000 జౌళ్లు. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల అనంతపురంలో కదలకుండా కూర్చున్న మనిషి కూడా భూమి అక్షాన్ని బట్టి చూస్తే సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పుకు పోతున్నాడు. 60 కిలోల మనిషికి అది దాదాపు 60 లక్షల జౌళ్లు. అతను పడమటికి పోయే రైలెక్కితే ఆ లెక్కలో అతని గతిజ శక్తి పెరగదు, తగ్గుతుంది. భూమ్మీది లెక్కలో మాత్రం పెరుగుతుంది. మార్పు ప్లస్సా మైనస్సా అన్నది కూడా చూసేవాళ్లను బట్టి మారిపోతుందన్నమాట. కానీ ఏ ఒక్కరి లెక్కలోనూ విలువ సున్నా దాటి కిందికి పోదు. అంకె అందరికీ ఒకటి కాదు, నేల అందరికీ ఒకటే.

గాలిమరల్లోనూ ఈ నేల కనిపిస్తుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో రామగిరి కొండల మీద 1990ల నుంచి గాలిమరలు తిరుగుతున్నాయి. సెకనుకు 8 మీటర్ల గాలి వీస్తుంటే మరకు ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరు గుండా సెకనుకు సుమారు 300 జౌళ్ల గతిజ శక్తి పోతుంది. నైరుతి రుతుపవనాల్లో గాలి పడమటి వైపు నుంచి, ఆ తర్వాత ఈశాన్యం నుంచి వస్తుంది. గాలి దిక్కు మారితే మర తల తిప్పుకుంటుంది, కరెంటు మాత్రం దిక్కుతో నిమిత్తం లేకుండా వస్తుంది. ఆ శక్తిలో మర ఎంత తీసుకోగలదు? గాలిని పూర్తిగా ఆపేస్తే మొత్తం తీసుకున్నట్టే. కానీ ఆగిన గాలి మర వెనక పోగై, వచ్చే గాలికి అడ్డం పడుతుంది. అందుకని ఎంత గొప్ప మరైనా 27 వంతుల్లో 16 వంతులకు, అంటే 59.3 శాతానికి మించి తీసుకోలేదు.

మళ్లీ పరీక్ష లెక్కల దగ్గరికి వస్తే, కొన్నిసార్లు గతిజ శక్తికే మైనస్ అంకె వస్తుంది. కిలో బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో పైకి విసిరితే 6 మీటర్ల ఎత్తులో దాని గతిజ శక్తి ఎంత అని అడిగారనుకుందాం. మొదట ఉన్నది 50 జౌళ్లు. 6 మీటర్లు ఎక్కడానికి కావాల్సింది 58.8 జౌళ్లు. తీసేస్తే మైనస్ 8.8. తీసివేత తప్పు లేదు, సూత్రం తప్పు లేదు. ప్రశ్నే జరగని విషయం గురించి అడిగింది. బంతి 5.1 మీటర్ల దగ్గరే ఆగి వెనక్కి తిరుగుతుంది, 6 మీటర్లకు చేరనే చేరదు. చేతిలో రొక్కం అయిపోయిన చోటే ప్రయాణం ఆగిపోతుంది. అలా వచ్చే మైనస్‌ను కొట్టేయకుండా దాని మాట వినాలి: ఈ వస్తువు అక్కడికి వెళ్లలేదని అది చెబుతోంది. ఉయ్యాల ఎంత ఎత్తుకు పోయి తిరుగుతుందో, తోకచుక్క సూర్యుడికి ఎంత దూరం పోయి మళ్లుతుందో కనుక్కునేది ఈ పద్ధతిలోనే.

అసలు గతిజ శక్తి మైనస్ కాగలిగితే లోకం ఎలా ఉండేదో కూడా చూడాలి. అలాంటి వస్తువు వేగం పెరిగే కొద్దీ దాని శక్తి ఇంకా కిందికి పోతుంది. అంటే వేగం పెంచుకోవడానికి అది శక్తి తీసుకోదు, బయటికి ఇస్తుంది. ఘర్షణ దాని నుంచి శక్తి లాగితే అది ఆగడానికి బదులు ఇంకా వేగం పుంజుకుంటుంది. బ్రేకు వేసిన కొద్దీ బండి ఉరుకుతుంది, చక్రాలు కాలుతూనే ఉంటాయి. కింద నేల లేదు కాబట్టి దీనికి అంతు లేదు. ఏ రాయీ నిలకడగా ఉండదు. ఈ కారణం చేతనే ఒక కొత్త సిద్ధాంతం సమీకరణాల్లో గతిజ శక్తి పదం మైనస్ గుర్తుతో కనిపిస్తే సిద్ధాంతకర్తలు దాన్ని ఘోస్ట్ అని పిలుస్తారు, ఆ సిద్ధాంతంలో ఎక్కడో లోపం ఉందని అనుమానిస్తారు. వస్తువులు నిలకడగా ఉండగలిగే లోకానికి గతిజ శక్తి కింద ఒక నేల ఉండాల్సిందే.

ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతంలో సూత్రం మారుతుంది, వేగాలు కాంతి వేగానికి దగ్గరైనప్పుడు వర్గంతో సరిపోదు. అక్కడ కూడా వస్తువు కదిలేటప్పటి మొత్తం శక్తి, అది నిలకడగా ఉన్నప్పటి శక్తి కంటే ఎప్పుడూ తక్కువ కాదు. ఆ రెండింటి తేడాయే గతిజ శక్తి.

క్వాంటమ్ సిద్ధాంతంలో మాత్రం ఒక్క క్షణం ఆగాలి. బంతి వెళ్లలేని ఎత్తు లాంటి చోటుకు అణు ప్రపంచంలోని కణాలు వెళ్లగలవు. దీనికి కడప జిల్లాలోనే ఉదాహరణ ఉంది. తుమ్మలపల్లి గనుల్లో దొరికే యురేనియంలో ఎక్కువ భాగం యురేనియం-238. దాని కేంద్రకంలోంచి అప్పుడప్పుడు ఆల్ఫా కణం అనే చిన్న ముక్క ఒకటి బయటపడుతుంది. ఆ కణానికి ఉన్న శక్తి సుమారు 4.2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. కేంద్రకం చుట్టూ ఉన్న శక్తి గట్టు దానికి ఎన్నో రెట్లు ఎత్తు. గట్టు ఉన్న ప్రాంతంలో మొత్తం శక్తిలోంచి స్థితిజ శక్తిని తీసేస్తే మైనస్ వస్తుంది. బంతి లెక్క ప్రకారమైతే ఆ కణం ఎన్నటికీ బయటికి రాకూడదు. కానీ వస్తోంది. 1928లో భౌతిక శాస్త్రవేత్త గామోవ్ ఇచ్చిన వివరణ ప్రకారం కణం తరంగ స్వభావం వల్ల గట్టు గుండా బయటపడే అవకాశం కొద్దిగా ఉంటుంది. ఆ అవకాశం ఎంత తక్కువంటే యురేనియం-238లో సగం కేంద్రకాలు అలా మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది.

మరి గట్టు లోపల ఉన్నంతసేపూ ఆ కణం గతిజ శక్తి మైనస్ అయిందా? చాలా మంది తేలిగ్గా అవుననేస్తారు. అది సరికాదు. క్వాంటమ్ లెక్కలో కూడా గతిజ శక్తిని కొలిస్తే వచ్చే విలువలు ద్రవ్యవేగ వర్గం నుంచే వస్తాయి, కాబట్టి ఏ కొలతలోనూ మైనస్ రాదు. కణం కచ్చితంగా గట్టు లోపలే ఉందని పట్టుకుని చూపించాలంటే దాని స్థానాన్ని చాలా చిన్న చోటికి కుదించాలి. అలా కుదిస్తే అనిశ్చితి నియమం ప్రకారం దాని ద్రవ్యవేగంలో అంత పెద్ద తేడాలు వస్తాయి. పట్టుకునే పనిలోనే గట్టు దాటడానికి సరిపోయేంత శక్తి దానికి ఇచ్చేస్తాం. ‘ఇక్కడ ఉంది, ఇంత గతిజ శక్తితో ఉంది’ అని రెండూ ఒకేసారి చెప్పే వీలు లేదు. ఆ ఒక్క చోట మైనస్ వచ్చిందంటే, అక్కడ స్థానాన్నీ శక్తినీ విడివిడి అంకెలుగా చెప్పలేమని అర్థం.

గట్టు దాటి బయటపడిన ఆల్ఫా కణం చేతిలో మాత్రం రొక్కం ఉంటుంది, ప్లస్ 4.2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. చుట్టూ ఉన్న రాతి పరమాణువుల్ని గుద్దుకుంటూ వెంట్రుక మందం కూడా పోకుండానే ఆగిపోతుంది. తెచ్చిన శక్తి అంతా రాతిలో దిగుతుంది. గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద ఢీకొన్న మట్టి ముద్దల్లాగే ఆ రాయి కూడా, చేతికి తెలియనంత కొంచెం, వేడెక్కుతుంది.